స్టీరింగు పైపు కారుతుంటే నూనె పోసి నెట్టుకురావద్దు
(బొల్లారంలో సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరల మీద, కరెంటు మీద, భూముల మీద మనం చాలా సభలు పెట్టుకున్నాం. ఈ రోజు ఒక రబ్బరు పైపు గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. ట్రాక్టరు ముందు చక్రాల దగ్గర బొట్టుబొట్టుగా నూనె కారుతుంటే "పొద్దున పోసినం, మాపటికి మళ్ల పోద్దాం" అని నెట్టుకొస్తున్నాం. అది ప్రాణం మీదికి ఎట్లా వస్తుందో ముందు చెబుతాం.

పవర్ స్టీరింగు పైపులున్న పాత కార్లలో, కూరగాయలు తోలే పికప్ బండ్లలో స్టీరింగు నుంచి చక్రాల దాకా ఇనుప కడ్డీల లింకు ఉంటుంది. నూనె అంతా పోతే స్టీరింగు బరువెక్కుతుంది, రెక్కలు నొస్తాయి, అయినా బండి తిరుగుతుంది. ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి అట్లా కాదు. స్టీరింగు కింద ఒక యూనిట్, ముందు ఇరుసు దగ్గర ఒక సిలిండరు, ఈ రెంటి నడుమ రెండు పైపులు, వాటిలో నూనె. అంతే. పంపు పనిచేయకపోయినా ఆ యూనిట్ చేతిపంపు లెక్క నూనెను నెట్టి, కష్టంగానైనా చక్రాలను తిప్పుతుంది. కాని ఆ రెండు పైపుల్లో ఒకటి తెగిందంటే స్టీరింగు ఉత్తగనే తిరుగుతుంది, చక్రాలు మాట వినవు. ట్రాలీ నిండా వడ్లతో, లారీలూ ట్యాంకర్లూ తెగకుండా తిరిగే మన పటాన్‌చెరు దారిలో అట్లా జరిగితే ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి ఎక్కడ కారుతున్నదో ముందు పట్టుకోవాలి. బొట్టు పడిన చోటే పైపు పోయిందనుకోవద్దు. నూనె పైపు వెంట జారి ఎక్కడో దిగువన పడుతుంది. డీజిలు గుడ్డతో అంతా తుడిచి ఆరనివ్వండి. ఇంజను నడుపుతూ ఒకరు స్టీరింగు మెల్లగా తిప్పుతుంటే, ఇంకొకరు చక్రాలకు ఎడంగా నిలబడి చూడాలి. చేత్తో మాత్రం తడమొద్దు. ఈ మాట రెండుసార్లు చెబుతున్నాం: చేత్తో తడమొద్దు. కారు టైరులో గాలి రెండు బార్లకు కాస్త ఎక్కువ ఉంటుంది. చాలా ట్రాక్టర్ల స్టీరింగు పైపులో నూనె ఒత్తిడి వంద బార్లకు చేరుతుంది. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే కనబడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఎవరికైనా అట్లా జరిగితే కట్టు కట్టించుకుని ఇంటికి రావద్దు. "ప్రెషరు మీద నూనె లోపలికి పోయింది" అని డాక్టరుకు ఇదే మాట చెప్పండి. కారేది కనిపెట్టడానికి ఒక అట్టముక్క చాలు. పైపు పక్కన పెడితే నూనె చిమ్మే చోట తడుస్తుంది.

చాలాసార్లు అసలు పైపు బాగానే ఉంటుంది. చివరి బోల్టు దగ్గరున్న రాగి వాషర్లో, రబ్బరు రింగో పోయి ఉంటుంది. ఒకసారి నలిగిన రాగి వాషరు మళ్లీ పనికిరాదు, కొత్తది వేయాలి. షోరూములో పంపు మొత్తం మార్చాలని చెప్పిన బండి, వాషర్లు మారిస్తే నడిచిన సంగతి మన సభ్యుల్లో కొందరికి అనుభవమే.

పైపే పోతే మాత్రం అతుకులు పనిచేయవు. లోపల రబ్బరు, మీద ఉక్కుతీగల అల్లిక, దాని మీద మళ్లీ రబ్బరు. ఇరుసుకు రాసుకుని పై రబ్బరు అరిగితే తీగకు తుప్పు పడుతుంది, ఆ తర్వాత ఒకరోజు తెగుతుంది. సైకిలు ట్యూబు చుట్టడం, ఎం-సీలు పెట్టడం, కోసి క్లిప్పులు బిగించడం... ప్రెషరు పైపు మీద ఇవేవీ నిలవవు. నూనె ట్యాంకులోకి తిరిగొచ్చే పైపులో ఒత్తిడి తక్కువ. అక్కడ మంచి క్లిప్పు ఆగుతుంది, అదీ నూనెకు తట్టుకునే పైపైతేనే. మోటారుకు వేసే నీళ్ల పైపు ఉబ్బిపోతుంది.

ఫోర్క్‌లిఫ్టులకు, జేసీబీలకు హైడ్రాలిక్ పైపులు కట్టే దుకాణాలు పారిశ్రామిక వాడల్లో ఉంటాయి. మన భూముల మీద లేచిన ఫ్యాక్టరీల వల్ల మనకు దక్కిన కొద్ది మేలుల్లో ఇదొకటి! పాత పైపునే వెంట తీసుకుపోండి. పొడవు, లోపలి సైజు, చివరల వంపు అన్నీ దానికి సరిపోవాలి. పైపు మీద అక్షరాలుంటాయి. 100ఆర్1 అంటే తీగ అల్లిక ఒక పొర, 100ఆర్2 అంటే రెండు పొరలు. ఉన్నదానికంటే తక్కువది తీసుకోవద్దు. చివరలు మిషన్ మీద నొక్కించాలి, సుత్తితో కొట్టినవి వద్దు. లోపల గాలి ఊదించండి. రబ్బరు పొడి మిగిలితే యూనిట్ పాడవుతుంది.

బిగించేటప్పుడు ఇంజను ఆపి, ముందు భాగం లేపి గట్టి కట్టెల మీద నిలపండి. ఉత్త జాకీని నమ్మొద్దు. స్టీరింగును అటూ ఇటూ తిప్పి ఒత్తిడి పోయాకే విప్పాలి. కొత్త పైపు మెలిపడొద్దు, దాని మీది అక్షరాల గీత తిన్నగా ఉండాలి. చక్రాలు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి ఎక్కడా గుంజడం లేదని, రాసుకోవడం లేదని చూసుకోండి. నూనె పుస్తకంలో రాసిన రకమే పోయండి. ఇంజనును నెమ్మదిగా నడిపిస్తూ స్టీరింగు చాలాసార్లు తిప్పితే గాలి పోతుంది. చివరి దాకా తిప్పి అక్కడే బిగబట్టొద్దు, ఒత్తిడంతా పైపు మీద పడుతుంది. నూనెలో నురగ ఉంటే ఇంకా గాలి ఉన్నట్టే.

దించిన నూనె మోరీలో పోయొద్దు. బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి పొలాలు చెడితే, 1990లో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ వాగు కోసం కొట్లాడిన వాళ్లమే మన చేతులతో నూనె వదిలితే ఏ ముఖంతో అడుగుతాం? డబ్బాలో పట్టి, పాత నూనె కొనే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. వస్తువును బాగు చేసుకునే హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లను కూడా అందులో చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు యంత్రాల కోసం ఏకంగా చట్టమే చేసింది. మన జిల్లా జహీరాబాద్‌లోనే ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అయినా ఏ పైపు సైజు ఎంతో తెలుసుకోవడానికి మనం షోరూము గడప తొక్కాలా? ప్రతి ట్రాక్టరుతో పైపుల, సీళ్ల, వాషర్ల సైజుల పట్టిక తెలుగులో ఇవ్వాలని, విడిభాగాలు బయట కూడా దొరకాలని కలెక్టరుకిచ్చే వినతిపత్రంలో చేర్చుతున్నాం. సంతకాల కాగితం గేటు దగ్గర బల్ల మీద ఉంది.

వచ్చే నెల సమావేశానికి ఇంట్లో మూలన పడి ఉన్న పాత పైపులు తీసుకురండి. కోసి, లోపల తీగ ఎట్లా తుప్పు పట్టిందో అందరికీ చూపిద్దాం.