అద్దె సైకిల్ సరే, దారి ఏదీ?

(పావగడలో యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నా చిన్నప్పుడు మన ఊళ్లో సైకిల్ షాపులవాళ్లు గంట లెక్కన సైకిల్ అద్దెకిచ్చేవారు. అడ్వాన్సు లేదు, కార్డు లేదు. "నువ్వు ఫలానాయన కొడుకువి కదప్పా" అని నోటుపుస్తకంలో పేరు, టైము రాసుకుని ఇచ్చేసేవారు. సీటు అందక, కమ్మీ కింది నుంచి కాలు పెట్టి తొక్కేవాళ్లం. మా ఈడువాళ్లు చాలామంది సైకిల్ నేర్చుకున్నది అలాగే.

ఇప్పుడు అదే అద్దె సైకిల్ యాప్‌తో, స్మార్ట్ కార్డుతో నగరాలకు తిరిగొచ్చింది. మన రాష్ట్రంలోనే, మైసూరులో 2017 జూన్‌లో 'ట్రిన్ ట్రిన్' 450 సైకిళ్లతో మొదలైంది. అదే ఏడాది నవంబరులో హైదరాబాదులో మెట్రోతో పాటు స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు వచ్చాయి. వీటివల్ల నగరాల్లో సైకిల్ తొక్కేవాళ్లు నిజంగా పెరుగుతారా? ఈ రోజు మన ప్రశ్న ఇదే.

స్పెయిన్‌లోని సెవిల్ నగరాన్ని చూడండి. 2007లో అక్కడ అద్దె సైకిళ్లు పెట్టారు. అదే సమయంలో నగరమంతా కలిసేలా సుమారు 80 కిలోమీటర్ల సైకిల్ దారులు, కార్లు ఎక్కడానికి వీల్లేకుండా వేరుచేసి కట్టారు. కొన్నేళ్లలోనే సైకిల్ ప్రయాణాలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2010లో పథకం మొదలైంది. హెల్మెట్ తప్పనిసరి, తొక్కేవాళ్లు తక్కువ. 2019లో మూసేశారు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే: సైకిల్ ఇస్తే చాలదు, భయం లేని దారి కూడా ఇవ్వాలి.

ఇంకో సంగతి. చాలా నగరాల్లో అద్దె సైకిల్ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది అంతకుముందు నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు. కారు దిగి వచ్చినవాళ్లు తక్కువ. అందుకే పొగ మనం ఆశించినంత తగ్గదు.

అసలు మన దేశంలో సైకిల్ ఎవరిది? 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి సుమారు 45 ఇళ్లలో సైకిల్ ఉంది. బెంగళూరులో తెల్లవారుజామున రోడ్డు మీద చూడండి. పాలు, పేపర్లు వేసే పిల్లలు, నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్, పనికి పోయే మేస్త్రీ కనిపిస్తారు. మన పావగడ నుంచి వలస పోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. సైకిల్ తొక్కమని వాళ్లకు ఎవరూ ప్రచారం చేయనక్కరలేదు. రోజూ తొక్కుతూనే ఉన్నారు. అయినా 2013లో కోల్‌కతాలో 174 రోడ్ల మీద సైకిల్‌ను నిషేధించారు!

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీకు తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకున్నాయనకు మంచి చోటు చూపించి, పేదవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని ఆయన గద్దిస్తాడు. మన రోడ్డు కూడా అలాంటి సభే. కారుకు మధ్యలో పీట వేసి, సైకిల్‌ను మోరీ అంచుకు తోసేస్తున్నాం.

హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ కప్పు వేసి. సోలార్ మనకు కొత్త కాదు, మన తిరుమణి పొలాల్లోనే ఉంది. ఆ ట్రాక్ మంచిదే. కానీ బస్తీ నుంచి పనికి పోయే మేస్త్రీ దారిలో అలాంటి నీడ ఎప్పుడొస్తుంది?

కాబట్టి నా జవాబు ఇది. అద్దె సైకిల్ పథకం విత్తనం లాంటిది, దారి నేల లాంటిది. నేల సిద్ధం చేయకుండా విత్తనం చల్లితే ఏమవుతుందో సేద్యం చేసే మనకు ఎవరూ చెప్పక్కరలేదు.

మీరు చదువుకో, ఉద్యోగానికో నగరం పోతారు. అక్కడ వార్డు సభలో అడగండి: "సైకిళ్లు ఎన్ని?" అని కాదు, "దారి ఎన్ని కిలోమీటర్లు? అది ఎవరి ఇంటి నుంచి ఎవరి పని దాకా? స్మార్ట్ ఫోన్ లేనివాడికి సైకిల్ ఎలా ఇస్తారు?" అని అడగండి. ఇక్కడ మన వంతుగా, వచ్చే ఆదివారం చర్చి ఆవరణలో కార్లు ఆపే నీడను సైకిళ్లకు ఇద్దాం. నేనూ ఆ రోజు సైకిల్ మీదే వస్తాను.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.