విషయసూచిక - దాని కూర్పు

పుస్తకము చేతికి రాగానే చదువరి మొదట తెరచునది విషయసూచిక. వ్రాయువాడు కట్టకడపట తలచుకొనునదియు అదియే. సీసపు అక్షరముల కాలమున అచ్చుకూటమువారు పుటలన్నియు కూర్చి, అంకెలు స్థిరపడిన పిదపనే సూచికకు పూనుకొనెడివారు. అది సోమరితనము కాదు, వివేకము. కంప్యూటరుపై వ్రాయు మనలో పెక్కుమంది ఆ వివేకమును విడిచి, సూచికను ముందుగనే చేతితో టైపుచేసి, పేరునకును అంకెకును నడుమ చుక్కలు పెట్టుకొనుచు పోవుదురు.

కొన్నేండ్ల క్రిందట నేనును ఆ పనియే చేసితిని. కొందరి ప్రసంగములను సంపుటముగా కూర్చుచు, సూచిక సిద్ధమైన తరువాత పీఠికకు రెండు పుటలు చేర్చితిని. అంకెలు సవరింప మరచితిని. పుస్తకము వెలువడిననాడు ఒక వృద్ధ వక్త తన ప్రసంగమును మనుమనికి చూపగోరి, సూచికలో చెప్పిన పుటను తెరచిరి. అచ్చట మరియొకరి ప్రసంగపు చివరి భాగమున్నది. "నాది తీసేశారా నాయనా?" అని ఆయన నన్నడిగిరి. ఆయన ప్రసంగము రెండు పుటల ఆవలనే యున్నదని చూపితిని గాని, ఆ ప్రశ్న నన్ను చాలకాలము విడువలేదు.

సూచిక మనము వ్రాయవలసినదని తలచుటయే నా పొరపాటు. వర్డు వంటి సాధనములలో సూచిక వ్రాయబడదు, ఏరబడును. ప్రతి శీర్షికకును హెడింగ్ 1, హెడింగ్ 2 అను స్టైలు నియ్యవలెను. యంత్రము ఆ గుర్తునుబట్టి పేర్లను, పుటల అంకెలను తానే సమకూర్చును. అక్షరములను లావుగను నల్లగను చేసినంతమాత్రమున అది మన కంటికి శీర్షిక యగునేమో గాని, యంత్రమునకు కాదు.

ఇక దానిని మనకు వలసినట్లు మలచుకొనుట. రిఫరెన్సెస్ అను వరుసలో టేబుల్ ఆఫ్ కాంటెంట్స్ నొక్కినచో, అడుగున కస్టమ్ అను మాటతో ఒక మార్గము కనబడును. అందు షో లెవెల్స్ అనుచోట సామాన్యముగా 3 అని యుండును. ఉపశీర్షికలన్నియు సూచిక కెక్కిన చదువరికి విసుగు. ప్రసంగసంపుటమునకు అవి యక్కరలేదు. నాకు కావలసినది ప్రసంగము పేరు, దాని క్రింద వక్త పేరు. కావున వక్తల పేర్లకు వేరొక స్టైలు కల్పించి, ఆప్షన్స్ లో దానికెదురుగా 2 అని వేసి, హెడింగ్ 2, 3 లకెదురుగా నున్న అంకెలను తుడిచివేసితిని. చుక్కల గీతను ఉంచుటయో తీయుటయో ట్యాబ్ లీడర్ వలన జరుగును.

సూచికలోని అక్షరముల రూపము టీఓసీ 1, టీఓసీ 2 అను స్టైళ్ల చేతిలో నున్నది. మోడిఫై నొక్కి అచ్చటనే మార్చవలెను. ఫార్మాట్స్ అనుచోట ఫ్రమ్ టెంప్లేట్ అని లేనిచో ఆ మీట పనిచేయదు. తెలుగువారికి ఇంకొక చిక్కు కలదు. ఫాంటు పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అను వేరు చోటున్నది. లాటిను అక్షరముల ఫాంటు నెన్నిమార్లు మార్చినను మన అక్షరము కదలదు. ఇది తెలియక ఒక సాయంకాలమంతయు నేను యంత్రమును తిట్టుకొంటిని.

సూచికమీదనే నేరుగా చేసిన దిద్దుబాట్లు దానిని పూర్తిగా నవీకరించినప్పుడు తుడిచిపెట్టుకొని పోవును. ఎఫ్ 9 నొక్కినచో యంత్రము ప్రశ్నించును: అంకెలు మాత్రమేనా, సూచిక యంతయునా? శీర్షికలో ఒక్క మాట మారినను రెండవదానినే కోరవలెను.

రెండవ కూర్పున, పీఠికలో కడపటి వాక్యము దిద్దిన పిదప ఎఫ్ 9 నొక్కితిని. ఆ పెద్దవారి పేరు ఆయన ప్రసంగము క్రింద, సరియైన పుటతో నిలిచినది. ఆ ప్రతిని నేనే పోయి ఇచ్చివచ్చితిని.