మందులూ, చారల చేపా



ఉప్పల్ నుంచి తార్నాకకు పోయే దారిలో హబ్సిగూడ వస్తుంది. నాచారం రోడ్డు కూడా అక్కడే కలుస్తుంది. ఆ దారిలోనే సీసీఎంబీ అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. అక్కడ గాజు తొట్లలో చిన్న చేపలను పెంచుతారు. కూర వండుకోడానికి కాదు! ఈ చేప మన చిటికెన వేలంత కూడా ఉండదు. ఒంటి మీద నీలం చారలుంటాయి. అందుకే జీబ్రా చేప అంటారు. పరాయి దేశం చేప కాదు. మన దేశపు వాగుల్లో, వరి మళ్లలో తిరిగేదే.

మరి ఈ చేపతో మందులకేం పని?

ఒక సంగతి వినండి. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. నిద్ర పట్టడానికి, గర్భిణులకు వేవిళ్లు తగ్గడానికి వాడారు. ఏ భయమూ లేదన్నారు. కానీ ఆ మాత్ర మింగిన ఎందరో తల్లులకు చేతులూ కాళ్లూ సరిగా లేని బిడ్డలు పుట్టారు. ఒకరూ ఇద్దరూ కాదు, లోకమంతా కలిపి 10,000 మంది పైనే. చాలామంది పసికందులు బతకనే లేదు. 1961 చివరలో గాని జర్మనీలో దాన్ని ఆపలేదు.

ఎలుకలకు పెట్టి చూస్తే తెలిసేది కదా అంటారేమో. ఈ మందుతో ఎలుక పిల్లల కాళ్లు చెడవు. అదీ చిక్కు!

2010లో జపాన్ శాస్త్రజ్ఞులు చేప పిండాలున్న నీళ్లలో ఈ మందు కలిపారు. మొప్పల పక్కన ఉండే రెక్కలు సరిగా ఎదగలేదు. మనకు చేతులెట్లాగో చేపకు ఆ రెక్కలట్లాగ.

ఈ చేప గుడ్డు అద్దంలా ఉంటుంది. మర్నాటికే లోపల గుండె కొట్టుకుంటుంది. నెత్తురు పారేది కూడా మైక్రోస్కోపులో కనబడుతుంది. కోసి చూడనక్కర లేదు. మందు వేశాక గుండె నెమ్మదించిందా, తోక వంకర పోయిందా, రెండు మూడు రోజుల్లో తేలుతుంది. మనిషి జన్యువుల్లో 100కి 70 దాకా ఈ చేపలోనూ పోలిక ఉన్నవే.

అయితే చేప బాగుంటే మందు మంచిదేనా? కాదు. చేపకు ఊపిరితిత్తులు లేవు, గర్భసంచీ లేదు. చేప మొదటి మెట్టు మాత్రమే. తర్వాత ఇంకా పరీక్షలుంటాయి. ఆఖరున, ఒప్పుకున్న మనుషుల మీద చూస్తారు. వాళ్లు సంతకం పెట్టే కాగితం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివాళ్లయితే, ఆ కంపెనీకి సంబంధం లేని సాక్షి పక్కనే ఉండాలి.