గడియారమును చేసిన చేతులు



అడుగున రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచి, అది మునుగుటకు పట్టు 24 నిమిషములను మన పూర్వులు గడియ యనిరి. గోడకు వ్రేలాడు యంత్రమునకు ఆ పేరే పెట్టుకొంటిమి గాని, దానిని నిర్మించు విద్య మనయింట పుట్టినది కాదు. ఆ విద్య ఒక దేశమును విడిచి వేఱొక దేశమును చేరిన కథను నేడు మీకు విన్నవింపదలచితిమి.

17వ శతాబ్దారంభమున ఫ్రాన్సునందలి బ్లువా పట్టణము జేబుగడియారములకు పెట్టినది పేరు. అచ్చటి నేర్పరులలో ప్రొటెస్టంటులు పెక్కురు. వారిపని యెట్టిది? ఇత్తడిరేకునుండి చక్రమును కోసి, ఒక్కొక్క పంటిని ఆకురాతితో అరగదీసి, ఉక్కు ఇరుసునకు పదునుపెట్టి నునుపుచేయవలెను. ఒక పన్ను వెండ్రుకవాసి తప్పినను చక్రము నిలిచిపోవును. ఇది గ్రంథమున చదివి నేర్చునది కాదు. గురువు ప్రక్కన యేండ్లతరబడి కూర్చుండి నేర్చునది.

తన తాత ప్రొటెస్టంటులకొసగిన నాంట్ శాసనమును పదునాలుగవ లూయీ రాజు 1685లో రద్దుచేసెను. పొలముగలవాడు పొలమును చూచుకొని ఆగవచ్చును. గడియారపు పనివాని ఆస్తి చేతిసంచిలో నిముడును. తక్కినది వ్రేళ్లలో నుండును! వారు సరిహద్దు దాటి జినీవాకును, సముద్రము దాటి లండనుకును పోయిరి. లండనువారు హారతులిచ్చి పిలిచిరని తలపకుడు. 1622లోనే అచ్చటి పనివారు పరదేశీయులపై రాజునకు మొఱపెట్టుకొనిరి. 1631లో తమ సంఘమునకు అధికారపత్రమును సంపాదించిరి. అయినను తలుపు పూర్తిగా మూతపడలేదు.

ముప్పదిమూడేండ్లు గడచెను. 1718లో అదే ఫ్రాన్సు, హెన్రీ సల్లీ యను ఆంగ్లేయుని మూలమున, 60 మంది వఱకు ఆంగ్లేయ పనివారిని వెర్సేల్సునకు రప్పించుకొనెను. తఱిమివేసిన విద్యను జీతములిచ్చి కొనుట! ఇంగ్లండు ఊరకుండలేదు. పనివారిని విదేశములకు ఆకర్షించుట నేరమని 1719లో చట్టముచేసి, హెచ్చరించిన ఆఱునెలలలో మరలిరానివానిని పరదేశిగా నెంచెదమనెను. వెర్సేల్సు కార్ఖానా కొలదికాలములోనే మూతపడెను. ఫ్రాన్సు మరల తలయెత్తకపోలేదు. జూలియన్ లెరువా వంటి ప్రజ్ఞావంతులు ఆ దేశమునకు పూర్వఖ్యాతిని తెచ్చిరి. అది ఒక తరము పనియైనది.

మనదేశమునందు 1961లో, జపానువారి సిటిజెన్ కంపెనీ సహాయముతో, హెచ్.ఎం.టి. ప్రభుత్వసంస్థ బెంగుళూరున చేతిగడియారములను చేయ మొదలిడెను. 2016లో ప్రభుత్వము ఆ గడియారముల శాఖను మూసివేయ నిశ్చయించెను. అచ్చట ఎవరినీ తఱుమలేదు. సొమ్మిచ్చి యింటికి పంపిరి. పట్టకారుతో వెండ్రుకవంటి స్ప్రింగును నిలిపిన ఆ చేతులు అటుపిమ్మట ఏ పనిలో కుదిరినవో మీలో ఎవరైన ఎఱుగుదురా?