నాబోతు ద్రాక్షతోట, మన సంతకం

(ఆదివాసీ దినోత్సవ యువజన సభలో చేసిన ప్రసంగం)



మాకు ఇచ్చిన అంశం "క్రైస్తవ విశ్వాసం, జీవితంలో సరైన నిర్ణయాలు". దీని మీద మాట్లాడేవాళ్లు మామూలుగా సారా తాగొద్దు, సెల్‌ఫోన్‌కు బానిస కావొద్దు, చెడు స్నేహాలు వద్దు అని చెప్పి కూర్చుంటారు. అవన్నీ మీరు ప్రతి ఆదివారం వింటున్నవే. మేము ఈ పూట ఒక్క సంగతి మాట్లాడదామని వచ్చాం. అది మన పేరు. ఆధార్ కార్డు మీద, పట్టాదారు పాసు పుస్తకం మీద, బ్యాంకు ఖాతా మీద, బండి ఆర్‌సీ మీద ఉండే పేరు. దాన్ని ఎవరికి వాడుకోనిస్తున్నాం అన్నదే ఇవాళ మన ఏజెన్సీలో ఒక విశ్వాసికి ఎదురయ్యే అసలు పరీక్ష అని మా అభిప్రాయం.

ఇక్కడ అందరూ క్రైస్తవులు కాదని మాకు తెలుసు. మోదకొండమ్మ తల్లికి మొక్కేవాళ్లున్నారు, కొండనూ భూమినీ కొలిచేవాళ్లున్నారు. మేము బైబిల్లోంచి చెబుతాం, ఎందుకంటే మమ్మల్ని అడిగింది అది. కానీ కథ విన్నాక అది ఎవరి ఊళ్లో జరిగినట్టుందో మీరే చెప్పండి.

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం. యెజ్రెయేలు అనే ఊళ్లో నాబోతు అనే అతనికి ఒక ద్రాక్షతోట ఉంది. అది అహాబు రాజు నగరును ఆనుకొని ఉంది. అక్కడ కూరగాయలు వేసుకోవాలని రాజుకు బుద్ధి పుట్టింది. వచ్చి అడిగాడు. దీనికన్నా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే రొక్కం ఇస్తానన్నాడు. చూశారా, రాజు మొదట దౌర్జన్యం చేయలేదు. మర్యాదగా అడిగాడు. ధర కూడా తక్కువేమీ కాదు. మన దగ్గరకు వచ్చేవాళ్లూ మొదటి రోజు అలాగే వస్తారు, టీ తాగించి మాట్లాడతారు.

నాబోతు కుదరదన్నాడు. అది తన తాత తండ్రుల స్వాస్థ్యం, ఇవ్వడానికి దేవుని దగ్గర తనకు చెల్లదన్నాడు. భూమిని శాశ్వతంగా అమ్మకూడదనీ, భూమి దేవునిదనీ, మనుషులు దాని మీద అతిథుల్లాంటివాళ్లనీ లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. నాబోతు నమ్మింది దాన్నే. మన తాతలకు ఈ ముక్క ఎవరూ చదివి వినిపించలేదు గాని, వాళ్లూ ఇదే అనుకొని బతికారు.

రాజు అలిగి, మంచమెక్కి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. అప్పుడు రాణి యెజెబెలు రంగంలోకి దిగింది. అహాబు పేరు మీద ఉత్తరాలు రాసి, అహాబు ముద్ర వేసి, ఆ ఊరి పెద్దలకు పంపింది. ఊళ్లో ఉపవాసం చాటించండి, నాబోతును ముందు వరుసలో కూర్చోబెట్టండి, ఇద్దరు పనికిమాలిన వాళ్లతో అతను దేవుణ్ణీ రాజునూ దూషించాడని సాక్ష్యం చెప్పించండి, తర్వాత రాళ్లతో కొట్టి చంపండి అని. పెద్దలు ఒక్క ప్రశ్న వేయలేదు. అలాగే చేశారు. నాబోతు చనిపోయాడు. రాజు లేచి తోట స్వాధీనం చేసుకోవడానికి వెళ్లాడు. ప్రవక్త ఏలీయా ఆ తోటలోనే అతనికి ఎదురు నిలిచాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. అహాబు ఉత్తరం రాయలేదు. రాయి తీయలేదు. అబద్ధం ఆడిందీ అతను కాదు. అతను చేసిందల్లా తన పేరునూ తన ముద్రనూ ఇంకొకరి చేతికి వదిలేయడం, ఆ పేరుతో ఏం జరుగుతోందని అడగకపోవడం. అయినా ఏలీయా వచ్చి నిలదీసింది అహాబునే. చంపినవాడివీ నువ్వే, సొంతం చేసుకున్నవాడివీ నువ్వే అన్నట్టు అడిగాడు. యెజెబెలుకు వేరే తీర్పు ఉంది, అది తర్వాతి మాట. కానీ నాకేం తెలియదు, నేను సంతకం మాత్రమే ఇచ్చాను అన్న జవాబు దేవుని దగ్గర చెల్లలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దాన్నే మనం 1/70 చట్టం అంటున్నాం. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే అది చెల్లదు. అమ్మింది గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఇక్కడి భూముల్ని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఆ కేసు మన అనంతగిరి మండలం గనుల దగ్గర మొదలైందే. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అయితే వారసత్వంగా పిల్లలకు వస్తుంది, అమ్మడానికి లేదు. భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. చెల్లెళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పెళ్లయ్యాక పట్టా తీసి చూడండి.

మతం సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాం, ఎందుకంటే మీలో చాలామంది అడుగుతున్నారు. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ హోదా పోతుందని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి. అయితే ఆ హోదా మనకు ఉన్నప్పుడు దాని బరువు కూడా మన మీద ఉంది.

అంత గట్టి చట్టం ఉండగా మన సంత ఊళ్లలో, రోడ్డు పక్క స్థలాల్లో అంతస్తుల మీద అంతస్తులు ఎవరివి లేస్తున్నాయి? కాగితం మీద మనవాడిదే. డబ్బు ఇంకొకరిది, తాళం ఇంకొకరి దగ్గర. మనవాడి చేత ఖాళీ కాగితాల మీద, ప్రామిసరీ నోటు మీద ముందే సంతకాలు చేయించుకొని ఉంటారు, రేపు ఎదురు తిరగకుండా. అతనికి ముట్టింది కొన్ని వేలు, ఒక బండి, పండగకు బట్టలు. చట్టాన్ని ఛేదించే అవసరం ఎవరికీ రాలేదు. మన పేరుతోనే దానికి తలుపు తీశారు. బినామీ చట్టాన్ని 2016లో సవరించాక, డబ్బు పెట్టినవాడితో పాటు పేరు ఇచ్చినవాడికీ ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన జైలు శిక్ష ఉంది. ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా కూడా. జైలు భయం సంగతి అలా ఉంచండి. పేరు ఇచ్చిన ప్రతిసారీ మన పక్క ఊరి నాబోతు ఒకడు తోట పోగొట్టుకుంటున్నాడు. ఆ రాయి ఎవరి చేతిలోంచి వెళ్లిందో చెప్పుకోవలసింది మనం.

బ్యాంకు ఖాతా కథ కూడా ఇంతే. కాలేజీలో ఎవరో పరిచయమై, నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తాను అంటాడు. ఆ ఖాతాలోకి ఎక్కడో ఒక ముసలాయన పింఛను డబ్బు మోసపోయి వచ్చి పడుతుంది. ఆయన 1930కి ఫోన్ చేస్తే పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికి.

ఇక గంజాయి. ఈ మాట ఎత్తకుండా మన ఏజెన్సీలో నీతి గురించి మాట్లాడటం అంటే మేము మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఇది తప్పు అని చెప్పడం సులువు. కాఫీ మొక్క వేస్తే మొదటి కోతకు మూడు నాలుగేళ్లు ఆగాలి. పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి సంతకు మోసుకెళితే వర్తకుడు చెప్పిందే ధర. ఇంటర్ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్న కుర్రాడికి, మూట ఒక చోట తీసుకొని రోడ్డు దాకా చేర్చు చాలు అని చెప్పి, మూడు నెలల కూలి ఒక్క రాత్రికి ఇస్తామంటే మనసు లాగదా? లాగుతుంది. ఆ లాగడం పాపం అని మేము అనం. అయితే ఆ లెక్కలో మీకు చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి వినండి.

20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్లకు తక్కువ కాకుండా, ఇరవై ఏళ్ల దాకా జైలు. జరిమానా లక్షకు తగ్గదు. బెయిలు దాదాపు దొరకదు. మూట మొయ్యకుండా ముందు బైకు మీద దారి చూస్తూ వెళ్లినవాడికీ, తెలిసి ఇల్లు గాని బండి గాని ఇచ్చినవాడికీ శిక్ష తగ్గదు. ఇరవై ఏళ్లకు లోపలికి వెళితే బయటికి వచ్చేసరికి తల్లి ఉంటుందో ఉండదో. పంపినవాడు? అతని పేరు మూట మీద లేదు, ఫోనులో లేదు, మీకు కూడా అసలు పేరు తెలియదు. కేసు కాగితం మీద ఉండేది మీ పేరు, మీ నాన్న పేరు, మీ ఊరి పేరు. యెజెబెలు రాసిన ఉత్తరం మీద అహాబు ముద్ర ఉన్నట్టే.

ఆ మూట ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించాలి. ఎక్కడో పట్నంలో మీ వయసు పిల్లవాడి చదువు దాంట్లో కాలిపోతుంది. పొరుగువాడు ఎవరని ప్రభువును అడిగినప్పుడు ఆయన చెప్పిన జవాబులో, ముక్కూ మొహం తెలియని దారినపోయేవాడు కూడా ఉన్నాడు.

ఈ సందర్భంలో మా సంఘ పెద్దలకు కూడా ఒక మాట. వాళ్లకు కోపం వచ్చినా సరే. ఆ రాణి కుట్రకు ముందు ఊళ్లో ఉపవాసం చాటించింది, మర్చిపోకండి. భక్తిని ముసుగుగా వాడుకుంది. ఉన్నట్టుండి ఒక కుర్రవాడు మందిరం పైకప్పుకు రేకులన్నీ తానే కొనిస్తానంటే, సంతోషంగా స్తుతి చెల్లించే ముందు, బాబూ ఈ డబ్బు ఎక్కడిది అని పక్కకు పిలిచి అడగాలా వద్దా? యూదా విసిరేసిన వెండి నాణేలను ప్రధాన యాజకులు కానుకల పెట్టెలో వేయలేదని మత్తయి 27వ అధ్యాయంలో ఉంది. ఆ రక్తపు సొమ్ము ఇచ్చింది వాళ్లే అయినా, పెట్టెలో వేయడానికి వాళ్లకు కూడా చేతులు రాలేదు. మనం వాళ్లకన్నా తక్కువ జాగ్రత్తగా ఉంటే ఎలా? కానుక తిప్పి పంపితే రేకులు రెండేళ్లు ఆలస్యమవుతాయి. వానలో తడుస్తూ ఆరాధన చేస్తాం, అంతే.

మీరు అడగబోయేది మాకు తెలుసు. అడిగేవాడు బయటివాడైతే కాదనొచ్చు, సొంత బావే అడిగితే? మామ అడిగితే? చిన్నప్పుడు ఫీజు కట్టినవాడు అడిగితే? ఇది నిజంగా కష్టం. మన ఇళ్లలో కాదు అనడం అవమానించడమే అవుతుంది. దీనికి దానియేలు దగ్గర ఒక దారి ఉంది. బబులోనులో రాజు భోజనం వద్దనుకున్నప్పుడు అతను బల్ల తన్నలేదు. తనను చూసుకునే అధికారితో మెత్తగా మాట్లాడి, పది రోజులు కూరగాయలూ నీళ్లూ ఇచ్చి చూడమని గడువు అడిగాడు. మీరూ గడువు అడగండి. మావా, అమ్మను అడిగి చెబుతా. కాగితం ఇవ్వు, మా మాస్టారికి చూపించి చెబుతా. మంచి పనైతే అమ్మకు చెప్పొచ్చు కదా. అమ్మకు చెప్పొద్దు అన్నాడంటే మీకు జవాబు దొరికినట్టే. ఏశావు ఒక్క పూట ఆకలికి, ఒక గిన్నెడు చిక్కుడు వంటకానికి జ్యేష్ఠత్వం ఇచ్చేశాడు. ఆ రోజు అతనికి ఎవరైనా ఒక గంట గడువు ఇప్పించి ఉంటే కథ వేరేగా ఉండేదేమో అని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పటికే పేరు ఇచ్చేసినవాళ్లు ఈ హాలులో కొందరు ఉండొచ్చు. మేము మొహాలు చూడటం లేదు. జక్కయ్య ఎవరి తరఫున పన్నులు గుంజాడో మీకు తెలుసు. ప్రభువు అతని ఇంటికి వెళ్లి బస చేశాడు, ముందు నువ్వు మారు అప్పుడు వస్తాను అనలేదు. కానీ జక్కయ్య లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లెక్క చెప్పాడు. క్షమాపణ ఉంది కదా అని లెక్క వదిలేయలేదు. కాబట్టి బినామీ కాగితం మీద సంతకం ఉంటే, ఖాళీ నోటు ఎవరి దగ్గరైనా ఉంటే, ఖాతా ఎవరి చేతిలోనైనా ఉంటే, ఈ వారంలోనే కదలండి. బ్యాంకుకు వెళ్లి ఆ కార్డు ఆపించండి. లాయరుకు డబ్బులు లేవని ఆగకండి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి చెబుతుంది. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే మాతో చెప్పండి, తోడు వస్తాం.

నాబోతు చివరికి చనిపోయాడు కదా, నిజాయితీగా ఉండి అతనికి ఏం మిగిలింది అని ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. తేలిక జవాబు మా దగ్గర లేదు. సరైన నిర్ణయం తీసుకుంటే అన్నీ కలిసొస్తాయని బైబిలు ఎక్కడా మాట ఇవ్వలేదు, అలా చెప్పే బోధకులున్నారు గాని. ఒకటి మాత్రం నిజం. ఆ తోట రాజు చేతికి వెళ్లాక కూడా, దేవుడు దాన్ని గురించి మాట్లాడినప్పుడు నాబోతు ద్రాక్షతోట అనే పిలిచాడు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక యువజన కూటంలో ఈ అధ్యాయం కలిసి చదువుదాం. వచ్చేటప్పుడు ఇంట్లో పాసు పుస్తకం, అటవీ హక్కుల పట్టా జిరాక్సు తెచ్చుకోండి. ఎవరి పేరున ఏ సర్వే నంబరు ఉందో, ఎన్ని సెంట్లు ఉన్నాయో ఒక్కొక్కరిదీ చూద్దాం. బైబిలు లేనివాళ్లు పాసు పుస్తకం ఒక్కటి తెచ్చుకున్నా చాలు.