పాటకు సంభావన



మన పల్లెలలో హరికథ జరుగునప్పుడు ప్రవేశమునకు టిక్కెట్టు ఉండదు. పందిరి క్రింద చోటు దొరకినవారు కూర్చుందురు; దొరకనివారు అరుగులమీఁదను, గోడప్రక్కను నిలిచి విందురు. కాని కథ నడుమ హారతిపళ్లెము వచ్చును. కలవాఁడు నోటు వేయును, లేనివాఁడు చిల్లర వేయును, అదియు లేనివాఁడు హారతి కన్నుల కద్దుకొని నమస్కరించును. అతని నెవ్వరును వెడలఁగొట్టరు. తోలుబొమ్మలవారు వచ్చినప్పుడును ఊరివారు వడ్లు కొలిచి యిచ్చి పంపెడివారు. ఎందఱు విన్నను విద్య తఱుగదని మన పెద్ద లెఱుఁగుదురు; అయినను విద్వాంసుని యాఁకలి తీఱవలె ననియు నెఱుఁగుదురు. నేఁటి ప్రసంగమున కా పళ్లెమే మొదలు.

ఇప్పుడు పాటయు, చలనచిత్రమును సెల్‌ఫోనులోనికి వచ్చినవి. రచ్చబండ యొద్దఁ గూర్చున్న తాతకు మనుమఁడు నిన్న విడుదలయైన చిత్రమును అఱచేతిలోఁ జూపును. “దీని కెంత యిచ్చితివిరా?” యని తాత యడిగినచో, “ఉచితమే, తాతా” యని చెప్పును. ఈ ఉచితము రెండు విధములు. స్వంతదారులే తమ చిత్రమును యూట్యూబులో నుంచి, నడుమ నడుమ ప్రకటనలు చూపి, ఆ ప్రకటనల సొమ్ముతోఁ దమ వ్యయమును రాఁబట్టుకొనుట మొదటిది. ఇది న్యాయమైనది. చిత్రశాలలోని తెరను దొంగచాటుగాఁ గెమెరాతోఁ బట్టియో, చందాదారులకొఱ కుంచిన ప్రతిని అపహరించియో, హక్కు లేనివా రెవ్వరో అంతర్జాలములోఁ బంచుట రెండవది. దీనినే పైరసీ యందురు.

ఈ రెండవదానిలోఁ బళ్లెము లేదని తలఁపరాదు. పళ్లెము కలదు, పట్టినవాఁడు మాఱినాఁడు. అట్టి వెబ్‌సైట్లలోఁ బెక్కింటికి జూదపు ప్రకటనలే యాదాయము. ఫోనులోనికి హానికరమైన ప్రోగ్రాములు చొరఁబడుటయు వానివలననే తఱచుగా సంభవించుచున్నది. కథ చెప్పినవాఁడు గొంతెండి కూర్చుండఁగా, పందిరిగుంజ చాటున నిలిచిన వేఱొకఁడు చిల్లర మూటఁగట్టుకొని పోవుట వంటి దిది.

మన తెలుగునాట జరిగిన యొక సంగతిని మనవిచేసెదను. 2013వ సంవత్సరము సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ యను చిత్రము విడుదలకు ముందే, గంటకుఁ బైఁబడిన భాగము బయటఁబడి ఊరూర వ్యాపించినది. ఆ నెల 27వ తేదీననే చిత్రమును విడుదల చేసిరి. ప్రజలు వెలయిచ్చి చూచిరి. అది గొప్ప విజయము నందినది. ప్రసిద్ధ నటుఁడును, పెద్ద నిర్మాతయు నుండుటచే ఆ చిత్రము గట్టెక్కినది. అప్పుచేసి తొలి చిత్రమును దీసిన చిన్న నిర్మాతకు అట్టి దెబ్బ తగిలినయెడల మరల లేచుట దుర్లభము.

ఇఁక ఈ రుగ్మతకు మం దేది? ఇతరదేశములవారి యనుభవమును జూతము. 1999లో అమెరికాలో ‘నాప్‌స్టర్’ అను సాధనము పుట్టినది. ఒకరి కంప్యూటరులోని పాటను మఱియొకరు వెల లేకయే తీసికొనుటకు అది మార్గము చూపినది. సంగీత సంస్థలు న్యాయస్థానమున కెక్కఁగా 2001లో అది మూఁతపడినది. అయినను దాని తమ్ముళ్లు పెక్కుమంది పుట్టిరి. 2003 మొదలు ఆ సంస్థలు వేలకొలఁది గృహస్థులపై వ్యాజ్యములు వేసినవి. దొంగతనము ఆఁగలేదు. ఆ 2003 ఏప్రిలులోనే ఆపిల్ సంస్థవారు పాట యొక్కింటికి 99 సెంట్లు వెలగా, అనఁగా డాలరుకు ఒక సెంటు తక్కువగా, అంతర్జాలమున నొక యంగడి తెఱచిరి. మొదటివారముననే పది లక్షల పాటలు అమ్ముడుపోయినవి. వేఱొకచోట ఉచితముగా దొరకునని యెఱిఁగియు జనులు కొనిరి.

స్వీడను దేశమునను ఇట్లే జరిగినది. దొంగప్రతులకుఁ బేరొందిన ‘పైరేట్ బే’ అచ్చటనే 2003లోఁ బుట్టినది. 2009లో దానిని నడిపినవారికి న్యాయస్థానము శిక్ష విధించినది. అదే దేశమున 2008లో ‘స్పాటిఫై’ వెలసినది. ప్రకటనలు వినువారికి వెల లేకయు, వలదనువారికి నెలచందాతోడను అది పాటలు వినిపించెను. 2019లో మన దేశమునకును వచ్చినది. వీనివలనఁ దేలిన దేమనఁగా, చట్టము అవసరమే కాని చట్ట మొక్కటియే చాలదు. న్యాయమైన యంగడి చేరువలో నుండి, వెల యందుబాటులో నున్నచో జనులలోఁ బలువురు న్యాయముగానే నడతురు.

ఇక్కడ నొక యాక్షేపణము కలదు. “మే మిచ్చు సొమ్ము వ్యాపారులకే పోవును గాని పాట వ్రాసిన కవికిఁ జేరునా?” యని యడుగువారు కలరు. ఈ ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. గ్రంథస్వామ్యపు చట్టము మనకు 1957లో నేర్పడినను, చలనచిత్రమునకుఁ గూలి తీసికొని వ్రాసిన పాటకు, వేఱు ఒడంబడిక లేనియెడల, నిర్మాతయే స్వామి యని 1977లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పాట యెన్నిమాఱులు మ్రోఁగినను అది వ్రాసిన కవికిఁ బైకము రాని స్థితి చిరకాలము సాగినది. 2012లో ఆ చట్టమును సవరించిరి. చిత్రశాలలోఁ జిత్రముతోఁ గూడ వినిపించుట తప్ప తక్కిన యుపయోగములలోఁ గవికిని, సంగీతకర్తకును సమభాగము రావలెననియు, ఆ హక్కును వారు వదలుకొన్నట్లు వ్రాయించుకొన్నను చెల్లదనియు నందు విధించిరి. రచయిత గతించిన తరువాత 60 సంవత్సరములవఱకు హక్కు అతని వారసులకు నిలుచును. కావున నేఁడు న్యాయమార్గమున వినిన పాటలో ఆ కవి భార్యాబిడ్డలకును పాలుండుటకు దారి యేర్పడినది. దొంగప్రతిలో ఆ పాలు లేదు.

శిక్షయుఁ గలదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫు చట్టము ననుసరించి, అనుమతి లేక చిత్రమును గెమెరాతోఁ బట్టి పంచువారికి 3 నెలలకుఁ దగ్గక 3 సంవత్సరములవఱకు చెఱయు, 3 లక్షల రూపాయలకుఁ దగ్గని జరిమానాయు విధింపవచ్చును.

వ్యాపారులకును ఒక మాట చెప్పవలసియున్నది. ఒక చిత్ర మొక సంస్థయందును, ఒక ధారావాహిక మఱియొక సంస్థయందును ఉండఁగా, నాలుగు చందాలు కట్టుమని కూలివానిని గోరుట న్యాయము కాదు. పళ్లెము వచ్చినప్పుడు శక్తికొలఁది వేయుటయే మన యాచారము. లేనివానికి రేడియో కలదు, దూరదర్శనము కలదు, స్వంతదారులే ప్రకటనలతో నుచితముగాఁ జూపునవి కలవు. క్రొత్త చిత్రమైనచో కొన్నాళ్లు ఓపికపట్టుటయు నొక మార్గమే. లేమి తప్పు కాదు. ఉండియు ఎగవేయుట తప్పు.

ఒకప్పుడు రేడియోపెట్టె యుంచుకొనువారు ఏఁటేఁట తపాలాకచేరికిఁ బోయి లైసెన్సు రుసుము చెల్లించి పుస్తకముమీఁద ముద్ర వేయించుకొనెడివారు. గాలిలో వచ్చు పాటకు రుసుమేమి యని వాదింపక చెల్లించిన పెద్దలు మీలోఁ గొంద ఱుందురు. ఆ మర్యాద నేఁటి పిల్లలకుఁ దెలుపవలసినవారు మీరే. ఈసారి మనుమఁడు చిత్రము చూపినప్పుడు కోపపడవలదు, ఫోను లాగికొనవలదు. “ఉచితమే” యన్నప్పుడు ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని, “దీని పళ్లె మెవరి చేతిలో నున్నదిరా?” యని యొక్కమాట యడుగుఁడు. వాఁడు వెదకి చూచి చెప్పును. ఆ వెదకుటలోనే సగము పాఠము కలదు.