సుంకానికి మాత్రమే పరాయి నేల
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"బడి జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు, మీరు ఏదైనా పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. నేను కస్టమ్స్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో కొన్నేళ్లు ఎగుమతి మండలాల గేట్ల దగ్గర గడిచాయి. కాబట్టి నాకు తెలిసిన ఆ గేటు గురించే మాట్లాడతాను. ప్రత్యేక ఆర్థిక మండళ్లు, అంటే మనం రోజూ పేపర్లో చదివే సెజ్‌లు. అందులోనూ ప్రైవేటు సంస్థలు నడిపేవి.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ సభలో సెజ్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లున్నారు. సెజ్‌కు భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లే. ఒకరికి అది అన్నం పెట్టిన చోటు, ఇంకొకరికి అన్నం పెట్టే పొలం పోయిన చోటు. ఎవరి అనుభవం వారికి నిజం. ఆ రెండు నిజాలనూ ఒకే లెక్కలో చూడలేమా అన్నదే నా ప్రశ్న.

ముందు సెజ్ అంటే ఏమిటో సూటిగా చెప్పుకుందాం. మన సెజ్ చట్టం 2005లో వచ్చింది, 2006 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం, అనుమతి పొందిన కార్యకలాపాల వరకు సెజ్ మన కస్టమ్స్ పరిధికి బయట ఉన్న ప్రాంతం కింద లెక్క. బయటి నుంచి వచ్చే యంత్రాలకు, ముడి సరుకుకు సుంకం లేదు. లోపల తయారైన వస్తువు గేటు దాటి మన మార్కెట్‌కు వస్తే, విదేశం నుంచి దిగుమతి అయినట్టే సుంకం కట్టాలి. గేటు లోపల నిలబడ్డ మనిషి విశాఖలోనే ఉంటాడు, అక్కడి పెట్టె మాత్రం సింగపూర్‌లో ఉన్నట్టు. ఈ చిత్రమైన ఏర్పాటు మీదే మొత్తం వ్యవస్థ నిలబడింది.

ఇది కొత్త ఆలోచన కాదు. ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయం దగ్గర 1959లో ఇలాంటి మండలం పెట్టారు. మన దేశంలో 1965లో గుజరాత్‌లోని కాండ్లాలో పెట్టారు, ఆసియాలో అదే మొదటిది. చైనా 1980లో షెంజెన్‌తో మొదలుపెట్టింది. ఇవన్నీ ప్రభుత్వాలు నడిపినవే. కరేబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్‌లో మాత్రం 1969లో లా రొమానా అనే ఊళ్లో ఒక అమెరికా కంపెనీ తానే మండలం నడిపింది. ఆ దారి తర్వాత బాగా వెడల్పయింది. 1980ల్లో ప్రపంచంలోని మండళ్లలో పాతిక శాతం కూడా ప్రైవేటు చేతుల్లో లేవనీ, వర్ధమాన దేశాల్లో అప్పటికి 62 శాతం ప్రైవేటువేననీ ప్రపంచ బ్యాంకు 2008లో లెక్క కట్టింది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 5,400 మండళ్లున్నాయి.

ప్రైవేటుకు ఎందుకిచ్చారు? వాదనలో బలముంది, కొట్టిపారేయకూడదు. ప్రభుత్వం మండలం కడితే రోడ్డు వేస్తుంది, గోడ కడుతుంది, శిలాఫలకం పెడుతుంది. ఫ్యాక్టరీ రాకపోయినా అడిగేవాడుండడు. ప్రైవేటు డెవలపర్‌కు పెట్టిన డబ్బు అద్దెల రూపంలోనే తిరిగి రావాలి. అందుకని దేశదేశాలు తిరిగి కంపెనీలను వెతుక్కొస్తాడు, కరెంటు పోకుండా చూసుకుంటాడు. మన చిత్తూరు జిల్లా సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో (ఇప్పుడు తిరుపతి జిల్లా) 2008లో మొదలైన శ్రీసిటీ ఇందుకు ఉదాహరణ. జపాన్ ట్రక్కుల నుంచి చాక్లెట్ల దాకా, మెట్రో రైలు పెట్టెల దాకా అక్కడ తయారవుతున్నాయి. ఒకప్పుడు వానమీద ఆధారపడిన ఆ పల్లెల నుంచి ఆడపిల్లలు బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్తున్నారు. చిన్న విషయం కాదది.

అయితే ఆ విజయానికి కారణాలు జాగ్రత్తగా చూడాలి. పక్కనే చెన్నై ఉంది, జాతీయ రహదారి ఉంది, రేవులున్నాయి. భూమి ప్రభుత్వ సంస్థ సేకరించి ఇచ్చింది. సెజ్ పక్కనే దేశీయ మార్కెట్‌కు అమ్ముకునే ఫ్యాక్టరీలకు వేరే భాగం ఉంచారు కాబట్టి పన్ను రాయితీ ఒక్కటే ఆధారం కాలేదు. వీటిలో ఏదీ లేనిచోట గోడ కట్టి సెజ్ అని బోర్డు పెడితే శ్రీసిటీ అయిపోదు.

కాకినాడ సంగతి మీలో చాలామందికి తెలుసు. తొండంగి, కొత్తపల్లి మండలాల్లో సుమారు పది వేల ఎకరాలు సెజ్ కోసం తీసుకున్నారు. రిఫైనరీ వస్తుందన్నారు, రాలేదు. ప్రాజెక్టులో ప్రధాన వాటా ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారింది. రైతులు ఏళ్ల తరబడి ఉద్యమం చేశాక, 2,180 ఎకరాలు తిరిగి ఇస్తామని 2021లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. తిరిగి ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ భూమి అంత తొందరగా తీసుకోవలసిన అవసరం లేదనే కదా అర్థం? భూమి ఇచ్చిన రైతుకు మాట ఇచ్చింది ఒకరు, ఇప్పుడు యజమాని ఇంకొకరు. వాటా చేతులు మారినంత సులువుగా మాట చేతులు మారదు.

ఇది ఒక్క కాకినాడ కథ కాదు. కాగ్ 2014లో దేశంలోని సెజ్‌ల మీద నివేదిక ఇచ్చింది. నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో పని మొదలైంది 28,488 హెక్టార్లలోనే. మూడో వంతుకు పైగా నేల ఖాళీగా ఉంది. 2006-07 నుంచి 2012-13 దాకా సెజ్‌లకు ఇచ్చిన పన్ను రాయితీల విలువ 83 వేల కోట్ల రూపాయల పైమాటే. అంతకు ముందే 2007 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో భూసేకరణను అడ్డుకున్న వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగి 14 మంది చనిపోయారు. ఆ తర్వాతే కేంద్రం ఒక సెజ్ 5,000 హెక్టార్లకు మించకూడదని, ప్రైవేటు సెజ్‌ల కోసం రాష్ట్రాలు బలవంతంగా భూమి సేకరించకూడదని నియమం పెట్టింది. నియమం మంచిదే. ప్రాణాలు పోయాక వచ్చింది.

ఇక్కడి వరకు భూమి, పన్ను. అసలు చర్చ ఇప్పుడు వీటిని దాటిపోయింది. ప్రైవేటు సంస్థకు భూమినే కాదు, పాలనను కూడా అప్పగించవచ్చా అన్నది నేటి ప్రశ్న. దీన్ని ఆ చివరిదాకా తీసుకెళ్లిన దేశం మధ్య అమెరికాలోని హోండురాస్.

అమెరికా ఆర్థికవేత్త పాల్ రోమర్ 2009లో ఒక ఆలోచన చెప్పాడు. పేద దేశాలు కొంత ఖాళీ నేల ఇచ్చి, అక్కడ మంచి నియమాలతో కొత్త నగరం కట్టనిస్తే జనం తమంతట తామే అక్కడికి వస్తారన్నాడు. హోండురాస్ ఉత్సాహంగా చట్టం చేసింది. పారదర్శకత లేదని రోమర్ స్వయంగా 2012లో తప్పుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమంది. డిసెంబరులో అక్కడి పార్లమెంటు అలా తీర్పిచ్చిన నలుగురు న్యాయమూర్తులను తొలగించింది. 2013లో పేరు మార్చి 'జెడే' అనే కొత్త చట్టం వచ్చింది. దాని కింద రోఆటన్ ద్వీపంలో ప్రోస్పెరా అనే మండలం వెలిసింది. అక్కడ పన్నులు, వ్యాపార నియమాలు, తగాదాలు తీర్చే పద్ధతి అన్నీ వేరు. పాలక మండలిలో కొందరు సభ్యులను కంపెనీయే నియమిస్తుంది.

పక్కనే క్రాఫిష్ రాక్ అనే చిన్న బెస్తపల్లె ఉంది. మా ఇళ్లూ తీసేసుకుంటారేమోనని ఆ ఊరివాళ్లు భయపడ్డారు. కంపెనీ అలా చేయబోమంది. కానీ మండలం కోసం భూమి స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఆ చట్టంలోనే ఉంది. కాగితం మీద అధికారం ఉన్నప్పుడు నోటిమాట ఎంతవరకు ఆగుతుంది?

2022 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వ హయాంలో పార్లమెంటు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఇక్కడ అసలు చిక్కు మొదలైంది. యాభై ఏళ్ల హామీ ఉందంటూ కంపెనీ అంతర్జాతీయ పెట్టుబడి వివాదాల కేంద్రంలో సుమారు 1,070 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఆ దేశపు ఏడాది బడ్జెట్‌లో అది దాదాపు మూడింట రెండు వంతులు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ మండళ్లు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఒక ప్రభుత్వం సంతకం పెడితే, తర్వాతి ప్రజలు ఓటు వేసి దాన్ని మార్చుకోవాలన్నా అంత మూల్యం చెల్లించవలసిన స్థితి అది.

మన దేశంలో ఇంతదూరం పోలేదు. సెజ్‌ల కోసం కేంద్ర చట్టాలను సడలించే అధికారం 49వ సెక్షన్‌లో ఉన్నా, కార్మిక సంఘాలు, కార్మిక సంక్షేమం, ప్రావిడెంట్ ఫండ్, ప్రసూతి సౌకర్యాల చట్టాల జోలికి పోకూడదని అదే సెక్షన్ చెబుతుంది. అది రాసినవాళ్లకు దండం పెట్టాలి. అయితే చాలా రాష్ట్రాల్లో కార్మిక శాఖ అధికారాలను సెజ్‌లోని డెవలప్‌మెంట్ కమిషనర్‌కే అప్పగించారు. పెట్టుబడిని ఆకర్షించాల్సిన అధికారీ, కూలీ ఫిర్యాదు వినాల్సిన అధికారీ ఒక్కరే అయితే ఫిర్యాదు ఎవరు చేస్తారు? రాజ్యాంగం 243క్యూ అధికరణం కింద, కంపెనీయే పౌర సేవలు అందించే చోట మున్సిపాలిటీ ఏర్పాటు చేయకుండా పారిశ్రామిక పట్టణంగా ప్రకటించవచ్చు. వీధి దీపాలు బాగా వెలుగుతాయి. వెలగకపోతే అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి ఉండడు.

అలాగని ప్రభుత్వం నడిపితే అంతా బాగుంటుందని అనుకోకండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఆ సెజ్ ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీది. కాబట్టి గేటు మీద ఎవరి బోర్డు ఉందన్నది కాదు, గేటు లోపల ఎవరు ఎవరికి జవాబు చెప్పాలన్నది ముఖ్యం.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మండలాన్ని నిర్మించడం, అద్దెకివ్వడం, నడపడం ప్రైవేటుకు ఇవ్వవచ్చు. పన్ను వేయడం, తనిఖీ చేయడం, న్యాయం చెప్పడం, ఓటుతో మార్చుకోవడం ఇవ్వకూడదు. సెజ్ సుంకానికి పరాయి నేల కావచ్చు, మనిషికి అది మన నేలే కావాలి. ఫిలిప్పీన్స్ 1995 చట్టంలో కొంత దారి చూపింది. మండళ్లు ఎక్కువగా ప్రైవేటువాళ్లే నడుపుతారు, నియంత్రణ ప్రభుత్వ సంస్థది. కంపెనీలు స్థూల ఆదాయం మీద కట్టే 5 శాతం పన్నులో 2 శాతం నేరుగా స్థానిక మున్సిపాలిటీ ఖజానాకు వెళ్లేలా 1999లో ఆ చట్టాన్ని సవరించారు. ఊరికి వాటా ఉంటే ఊరు గోడకు శత్రువు కాదు.

రేపు మీ మండలానికి సెజ్ వస్తోందని తెలిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎంత భూమి కావాలి, ఇన్నేళ్లలో వాడకపోతే తిరిగి ఎవరికి వెళ్తుంది? పంచాయతీకి ఏటా ఎంత వస్తుంది? లోపల ప్రమాదం జరిగితే, జీతం రాకపోతే, కాలువలోకి మురుగు వదిలితే ఏ అధికారికి, ఏ కోర్టుకు వెళ్లాలి? ఈ మూడింటికి కాగితం మీద జవాబు ఉంటే సంతోషంగా ఆహ్వానించండి. లేకపోతే జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

మనలో ఇంజనీర్లున్నారు, రెవెన్యూ ఉద్యోగులున్నారు, సర్పంచులున్నారు, విదేశాల్లో కంపెనీలు నడిపేవాళ్లున్నారు, నేటికీ పొలం దున్నేవాళ్లున్నారు. ఒప్పందం రాసేవాళ్లూ, దాని కింద వేలిముద్ర వేసేవాళ్లూ ఒకే బడి నుంచి వచ్చినప్పుడు, ఆ కాగితం ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పౌరశాస్త్రం పాఠంలో పంచాయతీ వచ్చినప్పుడు, దగ్గర్లోని సెజ్ గోడను కూడా చూపించి, దీని లోపల పంచాయతీ ఉందా లేదా అని పిల్లలను అడగండి. మిగతాది వాళ్లే వెతుక్కుంటారు.